గుమ్ము, టంగు: బేస్ గిటార్ మీద కుడిచేతి లెక్క

డిసెంబరు వస్తే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు బేస్ గిటార్ వాయించేవాళ్లకు తీరిక ఉండదు. సాయంత్రం చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, రాత్రి ఏదో ఒక ఊళ్లో మెలోడీ. స్టేజి ఆర్కెస్ట్రాని ఒడిశాలో మెలోడీ అంటారు, ఇక్కడి తెలుగువాళ్లమూ అదే మాట వాడతాం. మనిషి ఒకడే, గిటారూ ఒకటే. ఆరింటికి తెలుగు కీర్తన, పదింటికి ఒడియా, హిందీ, తెలుగు కలగలిపిన పాటలు.

పోయిన ఏడాది అలాంటి ఒక ప్రాక్టీసులో ఇద్దరు బేస్ వాళ్ల మధ్య మాటా మాటా పెరిగింది. ఒకాయన ముప్పై ఏళ్లుగా స్టేజీల మీద ఉన్నాడు. కుడిచేతిని నెక్ (గిటార్ పొడవాటి మెడ) చివర, ఫ్రెట్లు (దాని మీది అడ్డ కమ్మీలు) అయిపోయే చోటుకి దగ్గరగా పెట్టి మీటుతాడు. రెండోవాడు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న కుర్రాడు. వీడి చెయ్యి బ్రిడ్జ్ పక్కకి జరిగి ఉంటుంది. "అన్నా, నువ్వు అక్కడ మీటితే ఏ స్వరమో కూడా తెలియట్లేదు, అంతా ముద్దగా వస్తోంది" అన్నాడు కుర్రాడు. "నువ్వు మీటే చోట అసలు బేసే లేదు తమ్ముడూ, రేకు డబ్బా చప్పుడు" అని ఆయన. పాట ఆగిపోయింది. నన్ను పంచాయితీకి కూర్చోబెట్టారు. నేనూ బేసే వాయిస్తాను, ఇద్దరికంటే తక్కువగానే. కాకపోతే ఇంటర్‌లో ఫిజిక్స్ బాగా చదివానన్న పేరొకటి ఉంది. ఆ రాత్రి నేను చెప్పిన తీర్పు సగమే సరైనది. మిగతా సగం మిక్సర్ (మైకుల, వాయిద్యాల చప్పుళ్లు కలిపి బాక్సులకి పంపే పెట్టె) దగ్గర దొరికింది. దాని దగ్గరికి రావాలంటే ముందు తీగ సంగతి తెలియాలి.

మాట్లాడుకునే ముందు కొన్ని పేర్లు

బేస్ తీగ రెండు చోట్ల ఆని ఉంటుంది. తల వైపు ఆనేది నట్, పొట్ట వైపు ఆనేది బ్రిడ్జ్. ఈ రెండిటి మధ్య దూరం స్కేల్. మామూలు బేస్‌కి అది 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట ఉంటాయి. పైన ఇనుప తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది, అదే ఆంప్లిఫయర్‌కి వెళ్తుంది. పిక్ (మీటడానికి పట్టుకునే చిన్న బిళ్ల) లేకుండా చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటడాన్ని ఫింగర్‌స్టైల్ అంటారు.

ఇక టోన్. ఒకే సా, అంతే గట్టిగా, వీణ మీదా హార్మోనియం మీదా పలికించినా కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పేస్తాం. ఆ తేడా టోన్. బేస్‌లో విచిత్రమేమిటంటే ఒకే తీగ, ఒకే స్వరం, ఒకే వేలు అయినా, చెయ్యి నాలుగు వేళ్ల వెడల్పు పక్కకి జరిగితే వాయిద్యమే మారిందా అనిపిస్తుంది. నెక్ వైపు గుమ్మని గుండ్రంగా, బ్రిడ్జ్ వైపు టంగుమని, కాస్త ముక్కుతో మాట్లాడినట్టు.

తీగ ఒక్క స్వరంతో ఊరుకోదు

నాలుగు తీగల్లో అన్నిటికంటే లావైనదాని పేరు ఈ (E). దాని పక్కది ఏ (A). తెలుగులో "ఈ తీగ", "ఏ తీగ" అంటూ మాట్లాడితే సాయంత్రానికి పిచ్చెక్కుతుంది కాబట్టి మావాళ్లు లావు తీగ, రెండో తీగ అంటారు. నేనూ అలాగే అంటాను.

లావు తీగని నొక్కకుండా వదిలేసి మీటితే మొత్తం తీగ సెకనుకి 41.2 సార్లు ఊగుతుంది. అది ప్రాథమిక స్వరం. అదే సమయంలో అదే తీగ రెండు సగాలుగా కూడా ఊగుతుంది, సెకనుకి 82.4 సార్లు. మూడు ముక్కలుగా 123.6, నాలుగు ముక్కలుగా 164.8, ఇలా పైకి పోతూ ఉంటుంది. వీటిని హార్మోనిక్స్ అంటారు, ఇంటర్ పుస్తకాల్లో అనుస్వరాలని చదివాం. ఇవి మనకి విడివిడిగా వినిపించవు. అన్నీ కలిసి ఒకే స్వరంగా వినిపిస్తాయి. ఏది ఎంత పాలు ఉందన్నదే టోన్. పప్పుచారులో చింతపండు ఎంత, ఇంగువ ఎంత అన్నట్టు.

రెండు సగాలుగా ఊగేటప్పుడు తీగ సరిగ్గా నడుమ ఒక చోట కదలదు. మూడు ముక్కలుగా ఊగితే కదలని చోట్లు రెండు, నాలుగైతే మూడు. వీటికి అస్పందన స్థానాలని పేరు. కథంతా ఈ కదలని చోట్ల మీదే నడుస్తుంది.

మీటిన చోట ఏ స్వరం మాయమవుతుంది

1800లో ఇంగ్లండులో థామస్ యంగ్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు. తీగని మీటిన చోటు ఏ హార్మోనిక్‌కి కదలని చోటో, ఆ హార్మోనిక్ పుట్టదు. కారణం తేలికే. తిరగలిని అంచున ఉన్న పిడి పట్టుకుని తిప్పుతాం. నడుమ ఉన్న గూటాన్ని పట్టుకుంటే ఎంత బలం పెట్టినా రాయి తిరగదు. కదలని చోట పట్టుకుని కదిలించలేం, అంతే.

దీన్ని నమ్మడానికి లెక్కలు అక్కర్లేదు, గిటార్ ఉంటే చాలు. లావు తీగని మామూలుగా బ్రిడ్జ్ వైపు ఎక్కడో మీటి, వెంటనే ఎడమచేతి వేలిని పన్నెండో ఫ్రెట్ మీద తీగకి అలా తగిలించి తీస్తే, పై స్థాయిలో సన్నటి గంటలాంటి స్వరం మిగులుతుంది. పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా నడుమ. అక్కడ తాకితే మొదటిదీ, మూడోదీ, ఐదోదీ ఆగిపోయి, రెండు, నాలుగు, ఆరు లాంటి సరి సంఖ్యవి మిగులుతాయి. ఇప్పుడు మీటడమే సరిగ్గా పన్నెండో ఫ్రెట్ మీద మీటి, తర్వాత అక్కడే తాకితే దాదాపు ఏమీ మిగలదు. సరి సంఖ్యవి మొదటి నుంచీ పుట్టలేదు, బేసివి ఇప్పుడు ఆగిపోయాయి. ప్రాక్టీసు మధ్యలో ఇది చేసి చూపించినప్పుడు కుర్రాడు మూడుసార్లు మళ్లీ చేయించాడు.

వీణ వాయించేవాళ్లకి ఇది కొత్త కాదు. రాయగడ నుంచి విజయనగరం వెళ్లే రైలు దారిలోనే బొబ్బిలి. ఆ ఊరి పక్క గొల్లపల్లిలో పనసచెక్క తొలిచి వీణలు చేస్తారు. వీణ మీద మీటు మెట్ల వైపు జరిగితే మెత్తగా, గుర్రం (వీణకి బ్రిడ్జ్ అదే) వైపు జరిగితే పదునుగా పలుకుతుంది. యంగ్ సూత్రం రాసిపెట్టకముందు కూడా తీగ అలాగే పలికింది.

216 మిల్లీమీటర్ల దగ్గర, 108 మిల్లీమీటర్ల దగ్గర

ఇప్పుడు ఆ ఇద్దరి చేతులనూ టేపుతో కొలుద్దాం. ఇరవై ఫ్రెట్ల బేస్‌లో చివరి ఫ్రెట్ బ్రిడ్జ్‌కి 272 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పెద్దాయన వేళ్లు దాన్ని దాటి కొంచెం ఇవతల, సుమారు 216 దగ్గర పడతాయి. 864లో అది నాలుగో వంతు. కుర్రాడి వేళ్లు సుమారు 108 దగ్గర, అంటే ఎనిమిదో వంతు.

నాలుగో వంతు దగ్గర మీటితే నాలుగో హార్మోనిక్ పుట్టదు, ఎనిమిది, పన్నెండు కూడా పుట్టవు. ఎనిమిదో వంతు దగ్గర మీటితే మొదట పోయేది ఎనిమిదోది. అంటే ఏడు దాకా అన్నీ ఉంటాయి. పోయేది ఒక్కటే అయితే అంత తేడా ఎందుకొస్తుంది? పోయేదాని చుట్టుపక్కలవి కూడా బలహీనపడతాయి కాబట్టి. పికప్ పట్టుకునేది తీగ ఎంత దూరం ఊగిందో కాదు, ఎంత వేగంగా ఊగిందో. ఆ లెక్కన ప్రాథమిక స్వరాన్ని 100 అనుకుంటే, పెద్దాయన చోట రెండోది 71, మూడోది 33, నాలుగోది సున్నా, ఐదోది 20. కుర్రాడి చోట రెండోది 92, మూడోది 80, నాలుగోది 65, ఐదోది 48.

ఆ మూడో అంకెను, నాలుగో అంకెను మళ్లీ చూడండి. 33 ఉన్నచోట 80, సున్నా ఉన్నచోట 65. గుండ్రంగా, ముద్దగా అని మనం దేన్ని అంటున్నామో, టంగు, ముక్కు అని దేన్ని అంటున్నామో అది ఇక్కడే ఉంది. ఇవి పుస్తకంలోని ఆదర్శ తీగకి వచ్చే అంకెలని మాత్రం గుర్తుంచుకోవాలి. నిజం తీగకి బిరుసు ఉంటుంది, వేలికి వెడల్పు ఉంటుంది. అందుకే నిజం గిటార్‌లో నాలుగోది పూర్తి సున్నా కాదు, బాగా సన్నగిల్లుతుంది.

ఇంకో మాట. పై హార్మోనిక్స్ త్వరగా చల్లారిపోతాయి. కాబట్టి ఈ తేడా అంతా స్వరం పుట్టిన మొదటి క్షణంలో ఎక్కువ. నిదానంగా సాగే ఆరాధన పాటలో ఒక్కో స్వరాన్ని నాలుగు మాత్రలు పట్టి ఉంచితే, రెండో మాత్ర దాటేసరికి రెండు చేతుల మధ్య తేడా సగం చెరిగిపోతుంది. గబగబా నడిచే డాన్సు పాటలో చెరగడానికి టైమే ఉండదు.

బ్రిడ్జ్ దగ్గర బేస్ నిజంగానే తగ్గుతుందా

ఎక్కువ గొడవ జరిగేది ఇక్కడే. "బ్రిడ్జ్ దగ్గర కింది స్వరం పోతుంది" అని ఒక వర్గం. "పోదు, పైన ఉన్నవి చేరతాయి కాబట్టి పోయినట్టు అనిపిస్తుంది" అని ఇంకో వర్గం. చాలా రోజులు నేను రెండో వర్గం. కాగితం మీద లెక్క వేసుకున్నాక రెండు వర్గాలూ వేరే వేరే ప్రశ్నలకి జవాబు చెబుతున్నాయని అర్థమైంది.

పెరట్లో దండెం మీద తడి దుప్పటి నడుమ వేస్తే తీగ ఎంతో కుంగుతుంది. అదే దుప్పటిని స్తంభం పక్కన వేస్తే కొంచెమే కుంగుతుంది. బేస్ తీగా అంతే. లెక్క ప్రకారం ఎనిమిదో వంతు దగ్గర తీగ, నాలుగో వంతు దగ్గర కంటే సుమారు 1.7 రెట్లు గట్టిగా ఎదురు తిరుగుతుంది.

పెద్దాయన తన మామూలు బలంతోనే చేతిని బ్రిడ్జ్ వైపు జరిపాడనుకుందాం. బలం అదే, తీగ లాగిన దూరం తగ్గింది. నెక్ వైపు ప్రాథమిక స్వరం 100 ఉన్నది 54కి పడిపోతుంది. రెండోది కూడా 71 నుంచి 50కి దిగుతుంది. మూడోది 33 నుంచి 44కి, నాలుగోది సున్నా నుంచి 35కి పెరుగుతాయి. కాబట్టి "బేస్ పోయింది" అన్న ఆయన మాట ఆయన చేతికి నూటికి నూరు పాళ్లు నిజం.

కుర్రాడు అలా మీటడు. వాడి వేళ్లు ఆ బిగువుకి అలవాటు పడిపోయాయి, తీగని అంతే దూరం లాగుతాయి. అదే దూరం లాగితే ప్రాథమిక స్వరం తగ్గేది ఏడు శాతమే. పైవన్నీ దాని మీద అదనంగా చేరతాయి. వాడి చేతికి వాడి మాట నిజం. కాకపోతే దానికి 1.7 రెట్లు బలం కావాలి. మూడు గంటల మెలోడీలో ఆ బలం చివరిదాకా ఉండదు. రాత్రి పన్నెండు దాటాక ఎవరి బేస్ అయినా పలచబడుతుందని మావాళ్లు అనుకునేది ఊరికే కాదు, వేళ్లు అలిసి లాగే దూరం తగ్గుతుంది. నాకైతే పదకొండుకే తగ్గుతుంది.

ఎడమచేయి జరిగితే కుడిచేతి చోటు కూడా జరిగినట్టే

వీడియోల్లో తక్కువగా చెప్పేదీ, నా లెక్కలో ముఖ్యమైనదీ ఇది. "పికప్ మీద మీటు", "నెక్ చివర మీటు" అంటే గిటార్ చెక్క మీద చోటు చెబుతున్నట్టు. తీగకి చెక్క తెలియదు. దానికి తెలిసింది వంతు. ఫ్రెట్ నొక్కగానే తీగ పొడవు తగ్గిపోతుంది, వంతు మారిపోతుంది.

కుర్రాడు 108 దగ్గరే చెయ్యి కదపకుండా ఉంచాడు. తీగ వదిలేసి మీటితే ఎనిమిదో వంతు. ఐదో ఫ్రెట్ నొక్కితే ఊగే పొడవు 647 మిల్లీమీటర్లు, అందులో 108 ఆరో వంతు. పన్నెండో ఫ్రెట్ నొక్కితే పొడవు 432, అందులో 108 సరిగ్గా నాలుగో వంతు. అంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర కుర్రాడి చెయ్యి, తీగ దృష్టిలో, పెద్దాయన చెయ్యే. ఎనిమిదో వంతు టోన్ అక్కడ కూడా కావాలంటే 54 మిల్లీమీటర్ల దగ్గరకి వెళ్లాలి. అక్కడ తీగ కర్రలా ఉంటుంది, అంత దూరం ఎవరూ పోరు. కొంత జరుగుతారు, కొంత వదిలేస్తారు.

దీని నుంచే ఇంకో చిక్కు విడిపోతుంది. రెండో తీగని వదిలేసి మీటినా, లావు తీగ ఐదో ఫ్రెట్ నొక్కి మీటినా వచ్చేది ఒకే స్వరం, 55 హెర్ట్జ్ (సెకనుకి 55 ఊపులు). అయినా లావు తీగ మీద అది మరింత గుండ్రంగా ఉంటుందని అందరికీ తెలుసు. తీగ లావు ఒక కారణం. కదలని కుడిచేయి ఒక తీగకి ఎనిమిదో వంతు దగ్గర, ఇంకో తీగకి ఆరో వంతు దగ్గర ఉండటం రెండో కారణం.

వేలి చోటు వేరు, పికప్ చోటు వేరు

చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. పికప్‌కి దగ్గరగా మీటితేనే ఆ పికప్‌కి వినిపిస్తుందని కాదు. మీటిన చోటు ఎక్కడైనా తీగంతా ఊగుతుంది. పికప్ తన చోట నిలబడి తనకి కనిపించింది చూస్తుంది. తన చోటు ఏ హార్మోనిక్‌కి కదలని చోటో అది దానికి కనిపించదు. అంటే జల్లెళ్లు రెండు. పుట్టేది వేలి దగ్గర వడపోత అవుతుంది, వినబడేది పికప్ దగ్గర.

1951లో వచ్చిన ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌కి పికప్ ఒకటే, సుమారు ఆరో వంతు చుట్టుపక్కల. 1960లో వచ్చిన అదే కంపెనీ జాజ్ బేస్‌కి రెండు, ఒకటి బ్రిడ్జ్‌కి బాగా దగ్గర. ఆ రెండో పికప్ ఒక్కటే పెట్టుకుని నెక్ దగ్గర మీటితే వచ్చేది, నెక్ వైపు పికప్ పెట్టుకుని బ్రిడ్జ్ దగ్గర మీటితే వచ్చేది ఒకటి కాదా అని కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. రెండు జల్లెళ్లూ అవే, వరస మారింది, కాబట్టి ఆదర్శ తీగకి వాటి పాళ్లు చాలా దగ్గరగా వస్తాయి. చేతికి మాత్రం రెండూ ఒకటి కావు. ఒక చోట తీగ వదులు, ఇంకో చోట బిగువు. బిగువు మారితే మీటే తీరు మారుతుంది, మళ్లీ టోన్ మారుతుంది.

వేలు కూడా ఒక వాయిద్యమే

పిక్ చివర సూది మొనలా సన్నం. వేలి కొస మెత్తన, తీగ మీద పరుచుకుని ఉంటుంది. ఆ వెడల్పు అన్నిటికంటే పైన ఉన్న హార్మోనిక్స్‌ని చెరిపేస్తుంది. అందుకే ఏ చోట మీటినా వేలి టోన్‌కి ఒక నున్నదనం ఉంటుంది. వేలి కొస కాయ కాసి గట్టిపడితే కొంత పదును తిరిగొస్తుంది. తీగని పక్కకి, చెక్కకి సమాంతరంగా లాగితే స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. కిందికి, చెక్కలోకి నొక్కి వదిలితే తీగ ఫ్రెట్లకి తగిలి టక్కుమంటుంది. నెక్ చివర తీగ వదులుగా ఉంటుంది కాబట్టి ఈ టక్కు అక్కడే ఎక్కువ. మెత్తటి టోన్ కోసం నెక్ దగ్గరకి వెళ్లినవాడు గట్టిగా బాదితే వచ్చేది మెత్తదనం కాదు.

బొటనవేలు ఎక్కడ ఆనాలన్నది ఇంకో తగువు. పికప్ అంచున ఆనించేవాళ్లకి చెయ్యి స్థిరంగా ఉంటుంది, కానీ పికప్ ఉన్నచోటే టోన్ కట్టుబడిపోతుంది. బొటనవేలిని తీగల మీద జారుస్తూ ఉంచేవాళ్లకి చోటు మార్చుకునే స్వేచ్ఛ ఉంటుంది, మీటని తీగలు మోగకుండా అణిగి ఉంటాయి. కానీ అలవాటు కావడానికి నెలలు పడుతుంది. అసలు మొదటి ప్రెసిషన్ బేస్‌లు చూస్తే ఈ తగువుకే నవ్వొస్తుంది. వాటిలో సన్నటి తీగ కింద ఒక చిన్న చెక్కముక్క బిగించి ఉండేది. వేళ్లతో దాన్ని పట్టుకుని బొటనవేలితో మీటుతారని తయారుచేసినవాళ్ల ఊహ. వాయించేవాళ్లు దాన్ని పట్టించుకోకుండా వేళ్లతో మీటారు. 1970లలో ఆ ముక్క లావు తీగ వైపుకి మారి బొటనవేలు ఆనించుకునే ఆసరా అయింది.

పేరున్న చేతులు రెండు వైపులా ఉన్నాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ ప్రెసిషన్ బేస్ మీద ఎక్కువగా ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు. నున్నగా చుట్టిన లావు తీగలు, బ్రిడ్జ్ దగ్గర తీగల కింద ఫోమ్ ముక్క. ఆ గుమ్ములో వేలి చోటుది ఎంత, ఫోమ్‌ది ఎంత, పాత తీగలది ఎంత అని విడదీయడం కష్టం. ఇంకో అమెరికా బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ దానికి పూర్తిగా ఎదురు. జాజ్ బేస్, బ్రిడ్జ్ వైపు పికప్, చెయ్యి కూడా అక్కడే, ప్రతి స్వరం మాటలా స్పష్టంగా. అయితే అతనిది ఫ్రెట్లు లేని బేస్, తీగలు మెరుపు పోని రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టిన, గరుకైన) రకం. చెయ్యి మాత్రం బ్రిడ్జ్ దగ్గరకి జరిపి జాకోలా రావట్లేదని బాధపడేవాళ్లు ఇక్కడ నాకు ఇద్దరు తెలుసు, అందులో ఒకడిని నేను.

మన వైపు చాలామంది బేస్‌ని విడిగా వినడం మొదలుపెట్టింది ఇళయరాజా పాటలతో. ఆ బేస్ వరసలు వెనక నిలబడి ఊరుకోవు, పాటతో పాటు ఇంకో పాట పాడతాయి. అలాంటి వరసకి నాలుగో వంతు గుమ్ము సరిపోదు, పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. డోలక్‌తో కలిసి రెండే స్వరాలు కొట్టే జానపదానికి బ్రిడ్జ్ టంగు దేనికీ ఆనదు. మెలోడీలో ఈ రెండూ పది నిమిషాల తేడాతో వస్తాయి.

ఫోను, హాలు, మిక్సర్

కుర్రాడు నేర్చుకున్నది ఫోన్ మీద. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు, 82 కూడా దానికి కష్టమే. అయినా ఫోన్‌లో బేస్ వినిపిస్తుంది కదా? చెవి చేసే పని అది. 123, 165, 206 వినిపిస్తే వాటి మధ్య ఎడం 41 అని పట్టుకుని, లేని కింది స్వరాన్ని మెదడే పూరిస్తుంది. ఆ పూరింపుకి పై హార్మోనిక్స్ కావాలి. నాలుగో వంతు దగ్గర మీటినదానిలో అవి తక్కువ, ఎనిమిదో వంతులో ఎక్కువ. అందుకని ఫోన్‌లో వినేవాడికి బ్రిడ్జ్ దగ్గరి టోనే "అసలు బేస్" అనిపిస్తుంది. అదే టోన్ పెద్ద బాక్సుల ముందు పలచగా తోస్తుంది. పెద్దాయన చెవి బాక్సుల ముందు పెరిగిన చెవి.

రేకుల కప్పు, సిమెంటు నేల ఉన్న హాల్లో ఇంకో తిరకాసు. కింది స్వరాలు గోడల మధ్య కొట్టుకుంటూ సేపటిదాకా నిలిచిపోతాయి. ఒక మూల దద్దరిల్లుతుంది, మూడు అడుగులు వేస్తే ఏమీ వినపడదు. అలాంటి చోట గుమ్ము ఎంత పెంచితే స్వరం అంత తెలియకుండా పోతుంది. ఆరుబయట మైదానంలో ఈ బాధ లేదు, గోడలు లేవు కాబట్టి గుమ్ము గాలిలోకి పోతుంది.

ఆ రాత్రి పంచాయితీలో ఇంతవరకు చెప్పాను. హాలు కాబట్టి చెయ్యి కొంచెం బ్రిడ్జ్ వైపు జరిపితే మంచిది, బలం పెంచాలి అన్నాను. పెద్దాయన జరిపాడు, బలం పెంచాడు. అయినా ఆయన ముఖం చిట్లించే ఉంది. "చేతికి తెలుస్తోంది, బాక్సులో రావట్లేదు" అన్నాడు. మళ్లీ నెక్ దగ్గరకి వెళ్లాడు. అక్కడ మరీ ఘోరం, దాదాపు ఏమీ లేదు. ముప్పై ఏళ్లు వాయించిన మనిషి చెయ్యి అలా అబద్ధం చెప్పదు.

మిక్సర్ దగ్గరకి వెళ్లి చూశాం. బేస్ ఛానల్‌లో, అంటే బేస్ వైరు గుచ్చిన వరసలో, లో కట్ అనే చిన్న బటన్ నొక్కి ఉంది. మైకులకి గాలి చప్పుడు, స్టాండు తగిలిన గుడుగుడు రాకుండా పెట్టే బటన్ అది. ఆ మిక్సర్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోస్తుంది. ముందు రోజు ఆ ఛానల్‌కి పాటల మైకు పెట్టారట, తర్వాత బటన్ ఎవరూ తియ్యలేదు.

ఇలాంటి కోత మామూలుగా ఒక స్థాయి (ఆక్టేవ్, అంటే ఊపులు సగం) కిందికి దిగినప్పుడల్లా 18 డెసిబెల్స్ (చప్పుడు కొలత) ఉంటుంది. దాంతో లావు తీగ లెక్క మళ్లీ వేస్తే, ప్రాథమిక స్వరం 100 కాస్తా 13 అయిపోతుంది. పెద్దాయన చోట రెండోది 52, మూడోది 32, నాలుగోది సున్నా. కుర్రాడి చోట రెండోది 68, మూడోది 77, నాలుగోది 64. పెద్దాయన టోన్ బతికేదే ఆ మొదటి అంకె మీద. బటన్ దాన్ని మింగేసింది, పైన ఆదుకోవడానికి ఏమీ మిగల్లేదు. కుర్రాడికి పైన అన్నీ ఉన్నాయి కాబట్టి వాడికి తేడా పెద్దగా తెలియనే లేదు. అందుకే వాడికి తన చోటే సరైనదనిపించింది.

బటన్ తీసేశాం. పెద్దాయన మళ్లీ నెక్ చివరకి చెయ్యి పెట్టి లావు తీగ ఒక్కసారి మీటాడు. రేకుల కప్పు గడగడలాడింది. "ఇప్పుడు ముద్దగా ఉంది" అని ఆయనే నవ్వి, చేతిని రెండు అంగుళాలు బ్రిడ్జ్ వైపు జరిపాడు.